పాస్‌పోర్టు వెళ్ళింది, వదిన వెళ్ళలేదు

మా అన్నయ్యను తిట్టడానికే నేనిది రాస్తున్నానని వదిన అంటుంది. కాదు, వదిన గురించే రాస్తున్నాను. కాకపోతే ఆమె గురించి నాలుగు ముక్కలు రాద్దామంటే ప్రతి మలుపులోనూ మా అన్నయ్య అడ్డంగా నిలబడి ఉంటాడు. కనబడ్డప్పుడల్లా తిట్టకుండా ముందుకు పోవడం నా వల్ల కాదు. అసలే నాకు నోరెక్కువని పేరు.

వదిన పళ్ళు చేస్తుంది. నవ్వకండి, నిజంగానే ఆమె వృత్తి అది. డాక్టరు రోగి నోట్లో అచ్చు తీసి పంపిస్తే, ఆ అచ్చులో సుద్ద పోసి, ఆరాక దానిమీద మైనంతో చిగుళ్ళు కట్టి, ఒక్కో పన్నూ నిలబెట్టి కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో ఆమెది ముందు పళ్ళ బల్ల. అంటే నవ్వితే కనబడేవన్నమాట. దవడ పళ్ళు నేర్పితే ఎవరైనా చేస్తారు, ముందు పళ్ళు అందరికీ రావని అక్కడివాళ్ళే చెబుతారు.

ఆ బల్ల ఆమెకు ఊరికే రాలేదు. మా అన్నయ్య ఓడరేవుల్లో క్రేన్లు బిగించే కంపెనీలో ఇంజనీరు. ఆ ఉద్యోగం మీద అతను వేరే దేశం వెళితే, ఎనిమిదేళ్ళ కొడుకు చెయ్యి పట్టుకుని వదిన కూడా కుటుంబ వీసా మీద వెళ్ళింది. కొన్ని నెలలు గోడలు చూస్తూ కూర్చుంది. తర్వాత ఆ ల్యాబులో అచ్చులు తీసే, సుద్ద అంటిన పళ్ళేలు కడిగే పనిలో చేరింది. అన్నయ్యకు నామోషీ అయింది. "ఇంజనీరు పెళ్ళానివి, ఎవరెవరివో ఎంగిలి అచ్చులు కడుగుతావా?" అన్నాడు. ఆమె మర్నాడూ పనికి వెళ్ళింది.

అక్కడ ఒక ముసలావిడ పళ్ళ సెట్టు మూడుసార్లు వెనక్కి వచ్చింది. కొలత సరిపోయింది, నొప్పి లేదు, అయినా "ఇవి నా పళ్ళు కావు" అని ఆవిడ ఒకటే గొడవ. ల్యాబు యజమాని తల పట్టుకున్నాడు. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు. పళ్ళేలు కడుగుతున్న వదిన, ఆర్డరు కాగితానికి గుచ్చి ఉన్న ఆవిడ పాత ఫోటో చూసి, "ఎడమ పక్క పన్ను పక్కదాని మీదికి కొంచెం ఎక్కి ఉంది చూడండి, మీరేమో అన్నీ వరసగా పెట్టారు" అంది. "ఏదీ, నువ్వు పెట్టు చూద్దాం" అన్నాడాయన, వెటకారంగానే. చేతులు తుడుచుకుని కూర్చుని, మైనం వేడిచేసి, ఆ ఒక్క పన్నునూ గోరంత వంచి పెట్టింది. ముసలావిడ అద్దంలో చూసుకుని ఇంటికి వెళ్ళేదాకా నవ్వుతూనే ఉందట. మర్నాటి నుంచి పళ్ళేలు కడగడానికి వేరే మనిషిని పెట్టారు.

మధ్యలో ఒకసారి అన్నయ్య కంపెనీలో మనుషుల్ని తీసేస్తున్నారని పుకారు పుట్టింది. అతని ఉద్యోగం పోతే నెల తిరిగేలోగా ఇంటిల్లిపాదీ దేశం వదలాలి. తన బల్ల, తన జీతం, తన పేరు అడిగి మరీ పని పంపించే డాక్టర్లు, అన్నీ మొగుడి క్రేన్లకు వేలాడుతున్నాయని వదినకు అప్పుడు తెలిసొచ్చింది. ఆ గండం గడిచింది గానీ ఆమె ఊరుకోలేదు. అడిగి తెలుసుకుంది. తెంపు లేకుండా పదేళ్ళు అక్కడ నివాసం ఉంటే, మొగుడితో సంబంధం లేని సొంత నివాస పత్రం ఇస్తారు. ఆ సంగతి చెబితే పెద్దాయన, "నాకు పిల్లాజెల్లా లేరు. నీ కాగితం చేతికొచ్చిన రోజున ఈ ల్యాబు తాళాలు నీకే ఇస్తా. కుటుంబ వీసా మీద ఉన్నవాళ్ళ పేరున వ్యాపారం పెట్టనివ్వరు గానీ, లేకపోతే ఇవాళే ఇచ్చేద్దును" అన్నాడు. ఆనాటి నుంచి ఆమె నెలలు లెక్కపెట్టుకుంటూనే ఉంది. తొమ్మిదేళ్ళ నాలుగు నెలలు పూర్తయ్యాయి. ఇంకా ఎనిమిది నెలలు.

సరిగ్గా అప్పుడే కంపెనీ అన్నయ్యను ఏడాదిన్నర పని మీద నేనుండే ఊరికి పంపింది. ఇది వేరే దేశం, వేరే రేవు. "నువ్విక్కడే ఉండు, నేను వెళ్ళొస్తా" అనచ్చుగా? అనడు. "అక్కడ ఒక్కణ్ణే చెయ్యి కాల్చుకోవాలా?" అన్నాడు. నలభై ఆరేళ్ళ మనిషి! రెండొందల టన్నుల క్రేను లేపుతాడు, గిన్నె లేపలేడు. కొడుకు అప్పటికే అక్కడ కాలేజీ హాస్టల్లో చేరాడు, కాబట్టి వదినకు వంక కూడా లేకపోయింది. సెలవు అడిగితే పెద్దాయన, "బల్ల నీకోసం అట్టే పెడతా. కానీ నూట ఎనభై రోజులు దాటకుండా ఒక్కసారైనా వచ్చి ఇక్కడ కాలు పెట్టి పో. దాటితే నీ వీసా పోతుంది, దాంతోపాటు నీ తొమ్మిదేళ్ళూ పోతాయి" అని చిలక్కి చెప్పినట్టు చెప్పాడు.

వాళ్ళు నా ఇంటి పై వాటాలో దిగారు. కింద నా జిరాక్సు షాపు. కాపీలు తీయడం, అర్జీలు నింపడం, ఫోటోలు అతికించి పెట్టడం నా పని. చెయ్యి మొద్దుబారకూడదని వదిన మైనపు ముద్ద, కత్తి తెచ్చుకుని షాపులో వెనక బల్ల దగ్గర కూర్చుని పళ్ళు చెక్కేది. ఒకాయన కాపీల కోసం వచ్చి, బల్ల మీద వరసగా ఆరబెట్టిన పళ్ళు చూసి, "ఇక్కడ గొడవపడితే పళ్ళు రాలగొడతారా అమ్మా?" అన్నాడు. "నిన్న ఒకడు పడ్డాడు, అవి వాడివే" అన్నాను. వదిన పడీపడీ నవ్వింది. ఆ నవ్వు నాకిప్పటికీ గుర్తుంది, ఎందుకంటే ఆ తర్వాత చాలాకాలం నవ్వలేదు.

ఇక మా అన్నయ్య సంచి గురించి చెప్పాలి. చెప్పాలంటేనే ఒళ్ళు మండుతోంది. బూడిదరంగు జిప్పు సంచి. అందులో ఇంట్లో అందరి పాస్‌పోర్టులూ ఉంటాయి. పెళ్ళయినప్పటి నుంచి వదిన పాస్‌పోర్టు వదిన దగ్గర ఒక్కరోజు ఉన్న పాపాన పోలేదు. "అన్నీ ఒకచోట ఉంటే పోవు" అంటాడు. కంపెనీ వాళ్ళకు లెక్క చెప్పడానికి అతను రెండు నెలలకోసారి ఆ దేశం వెళ్ళి నాలుగు రోజులుండి వస్తాడు. వెళ్ళినప్పుడల్లా సంచి మొత్తం పట్టుకుపోతాడు. అక్కడ విమానాశ్రయంలో కౌంటరు దగ్గర తన పాస్‌పోర్టుతోపాటు వదినది కూడా పెడతాడట. ఆ కౌంటరు మనిషి అతనిదానికి ముద్ర వేసి, రెండోది చూసి, వెనక్కి తోసేస్తాడట. దాన్నిబట్టి మా మేధావికి అర్థమైంది ఏమిటంటే, చూశారు కాబట్టి సరిపోయింది, పెళ్ళాం వీసా కూడా బతికే ఉంది.

"వీసా నా పేరు మీద ఉంది. నాది చెట్టు, నీది కొమ్మ. చెట్టు అక్కడికెళ్ళి వస్తుంటే కొమ్మకేం ఢోకా?" ఇదీ అతని సిద్ధాంతం. నవ్వొస్తోందా? నాకు మాత్రం అప్పుడు రాలేదు, ఎందుకంటే నేనూ నమ్మాను.

అవును. ఇక్కడ నన్ను కూడా తిట్టుకోవాలి. వాళ్ళొచ్చిన నూట అరవయ్యో రోజున వదిన షాపులోకి వచ్చి, వీసా నియమాల పేజీ తెరిచి ఫోను నా ముందు పెట్టింది. "అమ్మాయ్, ఇది చదువు. 'ప్రతి వ్యక్తీ స్వయంగా' అని రాసుందిగా? నేను తప్పుగా చదువుతున్నానా?" అంది. చదివాను. అలాగే రాసుంది. పొద్దున్నుంచీ ఊళ్ళోవాళ్ళ అర్జీలు నింపే నేను, ఎదుటివాళ్ళు ఒక అక్షరం తప్పు రాస్తే కడిగిపారేసే నేను, ఏమన్నానో తెలుసా? "అన్నయ్య ఇన్నేళ్ళుగా తిరుగుతున్నాడు వదినా, వాడికి తెలియదంటావా?" అన్నాను. ఆమె ఫోను తీసుకుని పైకి వెళ్ళింది.

అయినా ఆమె ఆగలేదు. నూట డెబ్బై ఏడో రోజుకు తనే టిక్కెట్టు కొనుక్కుంది. వెళ్ళి రెండు రోజులుండి, కొడుకును చూసి, పెద్దాయనకు కనబడి రావాలని. అన్నయ్య గొణిగాడు గానీ సరేనన్నాడు. తీరా నూట డెబ్బయ్యో రోజు అతను ప్రయాణమవుతూ మళ్ళీ సంచి భుజాన వేసుకున్నాడు.

"నాది ఇచ్చి వెళ్ళండి" అంది వదిన, గుమ్మంలో.

"నాలుగు రోజుల్లో వస్తున్నాగా. ఈసారి కౌంటరు దగ్గర గట్టిగా అడిగి, నీ పని కూడా చేసుకొస్తా. నువ్వు వెళ్ళే బాధ కూడా ఉండదు."

"నాకు బాధ కాదండీ. నేను వెళ్ళాలి. అది నాకివ్వండి."

"అబ్బా, కారు వచ్చేసింది, బయల్దేరేటప్పుడు నసేమిటి?" అని మెట్లు దిగిపోయాడు. మా అన్నయ్య చెడ్డవాడు కాదు. తాగడు, కొట్టడు, ఊరి నుంచి వస్తూ ఆమెకు ఏదో ఒకటి తెస్తాడు. అందుకే ఇంకా మంట. చెడ్డవాడైతే ఆమె ఎప్పుడో గట్టిగా అరిచి ఉండేది.

నూట డెబ్బై నాలుగో రోజు మధ్యాహ్నం ఫోను చేశాడు. క్రేను పరీక్ష పొడిగించారట, వారం ఆగి నూట ఎనభై ఒకటో రోజున వస్తాడట. వదిన ఫోను పట్టుకుని షాపులోకి దిగొచ్చింది, మాట నాకు కూడా వినబడేలా పెట్టింది.

"నా పాస్‌పోర్టు మీ దగ్గరుంది. నా ప్రయాణం మూడు రోజుల్లో ఉంది."

"భద్రంగా ఉందిలే. టిక్కెట్టు మార్చుకో."

"మార్చుకుంటే గడువు దాటుతుంది. మీతో పనిచేసే అతను రేపు తిరిగొస్తున్నాడన్నారుగా, అతనితో పంపండి."

"ఎవడి చేతిలోనో పాస్‌పోర్టు పెట్టమంటావా? బుద్ధుండే మాట్లాడుతున్నావా?"

"పోనీ మీరే రండి. ఇచ్చేసి మళ్ళీ వెళ్ళండి."

"ఒక్క రోజుకి ఏ కొంపా మునగదు! ఇక్కడ నా తలప్రాణం తోకకొస్తుంటే..."

నేను ఫోను లాక్కున్నాను. "ఒరేయ్ అన్నయ్యా, మునిగేది నీ కొంప కాదు కాబట్టే అలా అంటున్నావు. ఆ పేజీ నేను చదివాను. మనిషి రావాలిట, పుస్తకం కాదు!"

"నీ జిరాక్సు కొట్టు నువ్వు చూసుకో" అని పెట్టేశాడు.

పాస్‌పోర్టు పోయిందని రాసిస్తే కొత్తది ఎన్నాళ్ళకిస్తారో కనుక్కున్నాను. వారం పైనే అన్నారు. అయినా పోనిదాన్ని పోయిందని రాయడానికి వదిన ససేమిరా అంది. నూట డెబ్బై ఏడో రోజు విమానం ఆమె లేకుండానే వెళ్ళిపోయింది. నూట ఎనభయ్యో రోజు పొద్దున ఆమె వెనక బల్ల దగ్గర కూర్చుని ఒక సెట్టు మొత్తం చెక్కింది, పైవీ కిందివీ కలిపి ఇరవై ఎనిమిది పళ్ళు. సాయంత్రం షాపు కట్టే వేళకు వాటన్నిటినీ అరచేత్తో నొక్కి ముద్ద చేసేసింది. "తొమ్మిదేళ్ళు అమ్మాయ్" అంది. నాకు నోట మాట రాలేదు. నాకు! ఊరందరి నోళ్ళూ మూయించే నాకు!

మర్నాడు అన్నయ్య దిగాడు, సంచితో, ఒక చాక్లెట్ డబ్బాతో. "ఇదిగో నీ పాస్‌పోర్టు, ఎక్కడికైనా పోయిందా?" అని నవ్వుతూ ఇచ్చాడు. వదిన దాన్ని తీసుకుని, డబ్బాను అక్కడే వదిలేసి, ఆ దేశపు వీసా ఆఫీసుకు ఫోను చేసింది. అవతల ఒకావిడ నంబరు చూసి, ఏ తొణుకూ బెణుకూ లేకుండా చెప్పింది. గడువు దాటింది, వీసా చెల్లదు. భర్త ఉన్నాడు కాబట్టి కొత్త కుటుంబ వీసాకి అర్జీ పెట్టుకోవచ్చు, నివాసం మొదటి రోజు నుంచి మళ్ళీ లెక్కేస్తారు. మీ చేతిలో లేని కారణం వల్ల ఆలస్యమైతే, రుజువులతో పదిహేను రోజుల్లో రాయండి, పరిశీలిస్తాం.

అన్నయ్య మొహం అప్పుడు పాలిపోయింది. కాసేపే. "దానికేముంది, ఆస్పత్రిలో ఉన్నావని రాద్దాం. నాకు తెలిసిన డాక్టరున్నాడు, సర్టిఫికెట్ పడేస్తాడు. కడుపునొప్పి, పది రోజులు మంచం దిగలేదు" అన్నాడు.

"నాకే జబ్బూ లేదు" అంది వదిన. "రాయిలా ఉన్నాను. దొంగ కాగితం మీద ల్యాబు పెట్టి, జీవితాంతం దడుచుకుంటూ బతకను. జరిగింది జరిగినట్టు రాస్తా."

"ఏమని?"

"పాస్‌పోర్టు మీ దగ్గర ఉందని."

"పిచ్చా? ఆ ఫైల్లో నా పేరు పడుతుంది. రేపు కంపెనీలో తెలిస్తే నా పరువేం కావాలి? పెళ్ళాం పాస్‌పోర్టు దాచుకున్నాడంటారు!"

"దాచుకున్నారని రాయను. అడిగానని, ఇవ్వలేదని రాస్తా. అందులో ఏది తప్పో చెప్పండి, కొట్టేస్తా."

అతను లేచాడు. పదిహేను నిమిషాలు అటూ ఇటూ తిరిగి, బతిమాలాడు, అరిచాడు, చివరికి మూతి ముడుచుకుని కూర్చున్నాడు. వదిన మాత్రం కదల్లేదు. ఇరవయ్యేళ్ళ కాపురంలో అతని ఎదురుగా ఆమె అంతసేపు కూర్చోవడం నేను చూడలేదు.

మర్నాడు అన్నయ్య ప్రయాణ ముద్రల కాపీ కోసం షాపుకొచ్చాడు. ప్రతిసారీ కంపెనీ లెక్కలకి నా దగ్గరే తీయించుకుంటాడు. అతని ఎదురుగానే రెండు తీశాను.

"రెండోదెందుకే?"

"వదినకి. నూట డెబ్బయ్యో రోజున అక్కడ దిగావని, నూట ఎనభై ఒకటిన కదిలావని ఇందులో ఉంది. వద్దంటే చెప్పు, చింపేస్తా. కానీ వద్దన్న మాట పైకెళ్ళి ఆమె మొహం మీద చెప్పు."

వద్దనలేదు. ఇమ్మనీ అనలేదు. "సొంత అన్నని నలుగురిలో నిలబెడుతున్నావు" అన్నాడు. "నిన్ను నిలబెట్టడమేమిటి, నేనూ నీ పక్కనే నిలబడుతున్నా" అన్నాను. నా సాక్షి ఉత్తరం అతనికి చదివి వినిపించాను. పాస్‌పోర్టు అతని దగ్గర ఉండటం, ఫోన్లో నా ముందు ఆమె అడగడం, అతను కాదనడం రాశాను. కింద ఇంకో రెండు వాక్యాలు రాశాను: 'అంతకు రెండు వారాల ముందు ఆమె నన్నూ అడిగింది. అర్జీలు నింపడమే వృత్తిగా ఉన్న నేను, నియమం నా కళ్ళతో చదివి కూడా, భర్త మాటే వినమని చెప్పాను.' వదిన అది చూసి, "ఇది తీసెయ్ అమ్మాయ్, అవసరం లేదు" అంది. తీయలేదు. నాకు అవసరం.

జవాబుకు నలభై రోజులు పట్టింది. ఆ నలభై రోజులూ పై వాటాలో వంట ఆగలేదు, మాటలు ఆగిపోయాయి. పెద్దాయన ఫోన్ చేసి, ముందు పళ్ళ పని పేరుకుపోతోందని, ఇంకో నెల చూసి వేరే మనిషిని వెతుక్కోక తప్పదని చెప్పాడు. తప్పు ఆయనది కాదు. వదిన ఆ ఫోను పెట్టేసి మైనం ముందు కూర్చుంది గానీ, కత్తి చేతికి తీసుకోలేదు.

నలభై ఒకటో రోజున పోస్టు వచ్చినప్పుడు నేను షాపు మెట్ల మీద ఉన్నాను. గేటు దగ్గర అన్నయ్య ఉన్నాడు. పొడుగాటి కవరు. దానిమీద వదిన పేరు, ఒక్క వదిన పేరే, అంతకుముందు ఆ ఆఫీసు నుంచి ఏ కాగితమైనా అతని పేరు మీదే వచ్చేది. నేను లేచి అందుకునే లోపే చర్రున చింపేశాడు. అక్కడే నిలబడి చదివాడు. చదివి, పై వాటా వైపు తలెత్తి, ఊరంతా వినబడేలా అరిచాడు.

"ఏమోయ్! మనకి వచ్చేసింది! కారణం ఒప్పుకున్నారు, ఏళ్ళన్నీ అలాగే ఉంటాయట! చెప్పానా, ఏమీ కాదని?"

వదిన మెట్లు దిగి వచ్చింది. చీర కొంగుకు పిండి అంటి ఉంది. అన్నయ్య మొహం వెలిగిపోతూ కాగితం చాచాడు. ఆమె కాగితం తీసుకోలేదు. చిరిగిన కవరు వంక చూసింది. దానిమీద తన పేరు సగానికి చిరిగి వేలాడుతోంది.

"ఉత్తరం లోపల పెట్టండి" అంది.

"ఆ?"

"లోపల పెట్టి, కవరు అతికించి ఇవ్వండి. అది నాకొచ్చింది. నేను తెరుచుకుంటాను."

అన్నయ్య నవ్వబోయాడు. ఆమె నవ్వలేదు. నా వైపు చూశాడు, ఏదైనా అంటానేమోనని. చిన్నప్పటి నుంచీ ఇంట్లో ఏ గొడవైనా అలాగే నా వైపు చూసేవాడు, నేనూ ఏదో ఒకటి అని అతన్ని గట్టెక్కించేదాన్ని.

"గమ్ము కింది సొరుగులో ఉంది" అన్నాను.

షాపులోకి వచ్చి, నేను రోజూ కూర్చునే స్టూలు మీద కూర్చుని, ఉత్తరాన్ని మూడు మడతలు పెట్టి లోపల దోపి, చిరుగు అంచులు ఒకదానికొకటి చేర్చి అతికించడం మొదలుపెట్టాడు. మొదటిసారి వంకర వచ్చింది. వదిన గుమ్మం దగ్గరే నిలబడి, అది ఆరేదాకా చూస్తూ ఉంది.